సద్దు – గుసగుస



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్నది మిక్కిలి చిన్న విషయము. చిన్నదనగా పరిమాణముచేత మాత్రమే కాదు, చప్పుడుచేతను చిన్నది. మెల్లగా, తగ్గుస్వరమున వినవచ్చు ధ్వనులకు మన కర్నూలు, కడప సీమలలో వాడు రెండు మాటలను గూర్చి చెప్పదలచితిని. ఒకటి సద్దు, రెండవది గుసగుస. ఈ రెండును మన యిండ్లలో ఒకే అవ్వ నోటినుండి వెలువడును. అయినను ఒకటి రెండువేల యేండ్ల బాటనడచి వచ్చినది. మఱియొకటి ఎక్కడినుండియు రాలేదు, నోటిలోనే పుట్టినది. ఈ భేదమును గుర్తింపలేక మనము కొంత నష్టపడితిమి. ఆ నష్టము నాకు చిన్ననాడే తెలిసినది గావున ముందు దానిని చెప్పెదను.

నేను బడిలో చదువుకొనునాడు ‘మా ఊరి రాత్రి’ యని యొక వ్యాసము వ్రాయుమనిరి. అందులో నేను, రాత్రి రెండవజామున మా యింటి ముందరి చింతచెట్టు ఆకుల సద్దు తప్ప వేఱు సద్దు లేదని వ్రాసితిని. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో ఆ మాటను రెండుచోట్లను కొట్టివేసి పైన ‘శబ్దము’ అని దిద్దెను. తరగతి యందఱియెదుట చదివి, ఇది పల్లెమాట, గ్రామ్యము, వ్రాతలో రాగూడదని చెప్పెను. పిల్లలు నవ్విరి. మా ఊరివారు సద్దు, సద్ది, సద్దలు అను మూడుమాటలతోనే కాపురము చేయుదురని వెనుక బల్లనుండి ఒక పట్నపు పిల్లవాడు అనెను. వాడన్నదానిలో అబద్ధమేమియు లేదు; మేము చద్దిని సద్ది యనియు, సజ్జలను సద్దలనియు అందుము. నాకు దుఃఖము కలిగినది నవ్వులకు గాదు. దిద్దిన పిదప నా వాక్యము తప్పయినది. చింతాకులు శబ్దము చేయవు. శబ్దము చేయునది ఱాళ్ళు దింపు బండి, పేలిన టపాకాయ. ఆకులు చేయునది సద్దే. ఆ సంగతి ఎట్లు చెప్పవలెనో నాకప్పుడు తెలియలేదు.

చిత్రమేమనగా, మఱుసటి సంవత్సరము ఆ ఉపాధ్యాయుడే మాచేత ప్రకృతి వికృతులు వల్లె వేయించెను. అగ్ని – అగ్గి, భక్తి – బత్తి, విద్య – విద్దె, సంధ్య – సంజ. ఆ వరుసలో వచ్చినది: శబ్దము – సద్దు! మొన్న గ్రామ్యమైన మాట నేడు వ్యాకరణమైనది. నేను చేయి యెత్తి అడుగవలసినది. అడుగలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

సమాధానమిది. సంస్కృతమున ‘శబ్ద’ అనునది ప్రాకృతమున ‘సద్ద’ యయ్యెను. శకారము సకారమయ్యెను, బకార దకారముల జంట ఒకే దకారపు ద్విత్వముగా మాఱెను. ఇది ఎవరో పల్లెటూరివాడు నోరు తిరుగక చేసిన తప్పు కాదు. ఒక కట్టుబాటు ప్రకారము జరిగిన మార్పు. అగ్నిలోని గకార నకారములు అగ్గియై కలిసిపోయినట్లు, భక్తిలోని కకార తకారములు బత్తియై కలిసిపోయినట్లు ఇదియు కలిసినది. భక్తము బత్తెమైనదియు ఈ త్రోవనే. ‘సద్ద’ తెలుగునకు వచ్చి ఉకారము చేర్చుకొని సద్దు అయ్యెను. అందుచేత చిన్నయసూరిగారి బాలవ్యాకరణము (1858) చెప్పు తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములలో ఇది తద్భవము, గ్రామ్యము కానేకాదు. అయితే బడులలో తద్భవమునకు ‘వికృతి’ యని పేరు పెట్టుటచేత కొంత కీడు జరిగినదని నా యభిప్రాయము. వికృతి యన్నంతనే పిల్లవానికి వంకర టింకరది, చెడిపోయినది యను భావము కలుగును. కొడుకు తండ్రిని పోలియుండకపోయినంతమాత్రాన వానిని వికృతి యందుమా?

ఈ ప్రాకృతము మనకెక్కడిది యందురేమో. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమున, జొన్నగిరికి సమీపమున, ఎఱ్ఱగుడి యను గ్రామముకడ కొండబండలపై అశోకచక్రవర్తి శాసనములు కలవు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. 1929 ప్రాంతమున అవి పండితుల దృష్టికి వచ్చెను. పదునాలుగు పెద్ద శాసనములును, చిన్న శాసనములును ఆ యొక్కచోటనే యున్నవి. చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, పొలము దున్నినట్లు మలపుగా చెక్కబడినవి. సమీపముననే రాజులమందగిరి యందును ఒక చిన్న శాసనము కలదు. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. నాలుగవ శాసనములో అశోకుడు, పూర్వము భేరీధ్వనిగా నుండినది ఇపుడు ధర్మధ్వని యయ్యెనను అర్థము వచ్చునట్లు చెప్పెను. అచట సంస్కృతపు ‘ఘోష’ శబ్దము ‘ఘోస’ యని సకారముతోనే యున్నది. మన పల్లెలలో శివుని సివుడనియు, శనివారమును సనివారమనియు పలికినపుడు చదువుకొన్నవారు నవ్వుదురు. ఆ సకారము మన కర్నూలు బండపై ఇరువదిరెండు శతాబ్దముల క్రిందటనే ఒక చక్రవర్తి ఆజ్ఞచేత చెక్కబడియున్నదని వారికి ఎవరును చెప్పలేదు కాబోలు.

ఆ బండలు చెక్కిన నాటికి తెలుగు వ్రాతకు ఎక్కలేదు. ఎనిమిదివందల యేండ్ల పిదప, ఆఱవ శతాబ్దమున, రేనాటిచోళులు కడప జిల్లా కలమళ్ళలోను ఎఱ్ఱగుడిపాడులోను తెలుగున శాసనములు వేయించిరి. తెలుగుభాషలో మనకు దొరకిన మొదటి శాసనములు అవియే. ఎఱ్ఱగుడి వేఱు, ఎఱ్ఱగుడిపాడు వేఱు. చాలమంది ఈ రెంటిని కలిపివేయుదురు గావున చెప్పుచున్నాను. ఒకదానిలో ప్రాకృతము, ఒకదానిలో తెలుగు. ఈ నడుమ గడచిన కాలముననే ప్రాకృతమాటలు మన నోళ్ళలో పడి, మన మాటలై, మన సంతలలో తిరుగనారంభించినవి. సద్దు ఆ గుంపులోనిది.

ఈ మాట మనకొక్కరికే కాదు. కన్నడమునను ‘సద్దు’ అనియే అందురు. ఆదోని, ఆలూరు ప్రాంతములలో రెండుభాషలు తెలిసినవారు ఏ భాషలో మాటాడుచున్నను ఈ యొక్క మాటను మార్చవలసిన పని లేదు. కోస్తా జిల్లాలలో ‘చప్పుడు’ అను దేశ్యపదమునకు వాడుక హెచ్చయి సద్దు వెనుకబడినది. అయితే అక్కడను అది చావలేదు. ఎక్కడ దాగియున్నదో చూడుడు: ప్రతిదినము వార్తాపత్రికలలో ‘గొడవ సద్దుమణిగినది’ యని వ్రాయుచుందురు. మణుగుట యనగా అణగుట. సద్దు మణుగుట యనగా ధ్వని అణగిపోవుట. సాయంకాలము పశువులు కొట్టములు చేరి, పిల్లలు పరుండి, వాకిళ్ళు మూసిన పిదప ఊరు సద్దుమణిగినదనుట మొదటి అర్థము. తరువాత కొట్లాటలకును అల్లరులకును ఆ మాట ప్రాకినది. వ్రాతకు రాగూడదన్న మాట ప్రతిదినము లక్షలాది ప్రతులలో అచ్చగుచున్నది! ‘సద్దు సేయొద్దురా, బిడ్డ నిద్రబోతాంది’ అని మా అవ్వ అన్నపుడు మాత్రము అది పల్లెమాట యయ్యెను.

ఇక రెండవ మాటకు వచ్చెదను. గుసగుసకు సంస్కృతమున తల్లి లేదు, ప్రాకృతమున దాది లేదు. అది చెవికి వినబడిన దానిని నోరు తిరిగి చెప్పిన మాట. ఇట్టివానిని అనుకరణములందురు. వినుచున్న మీరు ఇప్పుడొక చిన్న పని చేయగలరు. గొంతుపై రెండు వ్రేళ్ళుంచుకొని ‘జ’ యని పొడిగించి పలుకుడు. వ్రేళ్ళకు అదురు తెలియును. ఇపుడు ‘స్’ అని పొడిగింపుడు. అదురు లేదు. కంఠములోని నాదతంతువులు కదలిన పుట్టునది నాదము, కదలకుండ గాలిమాత్రము పోయిన పుట్టునది శ్వాసము. ఈ విభాగమును మన ప్రాతిశాఖ్యములు వ్రాసిన పెద్దలే చేసియుంచిరి. గుసగుసలాడునపుడు నాదతంతువులు కదలవు. కనుక నాదమువలన బ్రదుకు అక్షరములన్నియు బలము తప్పును. ‘గ’ యన్నను ‘క’ వలె వినబడును. శ్వాసమువలన బ్రదుకు ‘స’ మాత్రము చెక్కు చెదరక నిలుచును. ప్రక్కగదిలో ఇద్దఱు గుసగుసలాడుచుండగా మాటలు తెలియకపోయినను ‘స, స’ యను ధ్వనిమాత్రము మన చెవిని పడుట కిదియే కారణము. మన పూర్వులు విన్నదానిని విన్నట్లు పట్టిరి: గు–స–గు–స.

ఇందులో ఒక వింత కలదు. మన వ్యాకరణమున క చ ట త ప లు పరుషములు, గ జ డ ద బ లు సరళములు. మనుష్యుడు మిక్కిలి మెల్లగా మాటాడినపుడు సరళములన్నియు పరుషములవలె మాఱిపోవును! మెత్తని మాట కఠినాక్షరములతో నడచుట చూచితిరా?

అఱవమున మాట మొదట గకారము పలుకరు గావున వారు ‘కుసుకుసు’ అందురు. కన్నడిగులు ‘గుసుగుసు’ అనియు, ‘పిసుపిసు’ అనియు అందురు. ఉత్తరమున హిందీలో ‘ఖుసర్ ఫుసర్’ అనియు, వంగభాషలో ‘ఫిస్ ఫిస్’ అనియు అందురు. ఇంగ్లీషువారి ‘విస్పర్’ అను మాటనడుమను ఆ సకారమే కూర్చున్నది. ఒకరినుండి ఒకరు అప్పు తెచ్చుకొన్నారని దీనిచేత చెప్పరాదు. అందఱి గొంతుకలును ఒక తీరుననే చేయబడినవి.

ఈ రెండుమాటలను ఇట్లు ప్రక్కప్రక్కన పెట్టుటకు వేఱొక కారణము కలదు. మన ప్రాంతమును 1800లో నైజాము కుంఫిణీవారికి దత్తము చేసినందున చిరకాలము దత్తమండలములని పిలిచిరి. 1928లో నంద్యాలలో జరిగిన సభలలో రాయలసీమ యను పేరు నెలకొన్నది. ఆ పేరును ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురము కళాశాలలో అధ్యాపకులు, భాషాశాస్త్రజ్ఞులు. ఆయన 1937లో ఆంధ్రభాషాచరిత్రమను గొప్ప గ్రంథమును వెలువరించిరి. అందులో ఆయన వాదము, తెలుగు ద్రావిడభాష కాదు, ప్రాకృతమునుండి పుట్టినదని. సద్దు, అగ్గి, బత్తి వంటి మాటలను వేలకొలది చూచినవానికి అట్లు తోచుట సహజమే. మన సీమకు పేరు పెట్టిన మహనీయుని మాట గావున నేనును వయసులో దానిని గట్టిగా నమ్మితిని, వాదించితిని కూడ.

కాని 1816లోనే ఎల్లిస్ దొరయు, 1856లో కాల్డ్వెల్ దొరయు తెలుగు, అఱవము, కన్నడము, మలయాళము ఒకే కుటుంబమని చూపియుండిరి. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువులను పరిశోధించి ప్రకటించిన గ్రంథముతో ఆ సంగతి మఱింత స్థిరపడెను. అప్పు తెచ్చిన మాటలు ఎన్నియున్నను వంశమును నిర్ణయింపజాలవు. వంశమును చెప్పునవి అంకెలు, శరీరావయవములు, నేను నీవు అను మాటలు, క్రియలు. తెలుగువానికి కన్ను, కన్నడిగునికి కణ్ణు, అఱవవానికి కణ్. కూర్చున్న చాప పొరుగింటిదైనంతమాత్రమున ఇల్లు పొరుగువారిది కాదు. నారాయణరావుగారి గ్రంథము మాత్రము దానివలన వ్యర్థము కాలేదు. ఆయన పోగుచేసిన పదసంపద నేటికిని వెదకువారికి అక్కఱకు వచ్చుచున్నది.

అట్లయిన గుసగుస వంటి జంటమాటలు ద్రావిడవంశపు సొత్తా? ఇక్కడను తొందరపడరాదు. ఎమెనో అను అమెరికా పండితుడు 1969లో ఈ విషయమునే పరిశీలించెను. ఋగ్వేదభాషలో ఇట్టి జంటమాటలు కొలదిగా నున్నవి. రాను రాను సంస్కృతమునను, ఉత్తరదేశపు నేటి భాషలలోను పెరిగినవి. ద్రావిడభాషలలో లెక్కకు మీఱియున్నవి. వంశములు వేఱైనను ఒక దేశమున ఇరుగుపొరుగున వేలయేండ్లు కాపురము చేయుటచేత ఇది భారతదేశమున కంతటికిని ఉమ్మడి లక్షణమైనదని ఆయన తేల్చెను. ప్రాకృతము మనకు సద్దునిచ్చినది. ఇట్టి జంటమాటల వాడుక మనవైపునుండి వారివైపునకు కొంత ప్రాకియుండునని తలచిన తప్పులేదు.

సంస్కృతమున మెల్లని ధ్వనులకు మాటలు లేవని నేననుట లేదు. అమరకోశము ఈ విషయమున బహుచక్కని విభజన చేసినది. తీయగా, అక్షరము తెలియకుండ వినవచ్చునది ‘కలము’, అదియే మఱింత సన్నమైన ‘కాకలి’, లోతైనది ‘మంద్రము’, మిక్కిలి హెచ్చైనది ‘తారము’. బట్టలు, ఆకులు చేయునది ‘మర్మరము’, నగలు చేయునది ‘శింజితము’. నా చింతచెట్టు వ్యాసమున ఉపాధ్యాయుడు మర్మరమని దిద్దియుండిన నేను నోరుమూసికొని ఒప్పుకొనియుందును! జపమునందును మూడు తరగతులు చెప్పిరి. పైకి పలుకునది వాచికము, పెదవులు కదలుచు ప్రక్కవానికి వినబడనిది ఉపాంశువు, మనసులోనే జరుగునది మానసము. వీనిలో ఉపాంశువు వాచికముకంటె మేలని మనుస్మృతి మతము. గుసగుసకు శాస్త్రమున దొరకిన గౌరవము అదియొక్కటే కాబోలు. లోకములో దానికి గౌరవము లేదు. చెవి కొఱుకుటయనియు, చాడీయనియు దానిని తలచుదురు.

‘కల’ యను ఆ మెత్తని మాటను రెండుమార్లు చెప్పి ‘కలకలము’ చేసినంతనే అది కోలాహలమునకు పేరైనది. ఒక్కటిగా నున్నపుడు కోకిల, జంటయైనపుడు సంత. తెలుగున మాత్రము జంట చేసినంతమాత్రమున మాట బిగ్గరయగుననుట లేదు. ఎండిన వేరుసెనగ కాయను చెవికడ ఆడించిన గలగల. మొగ్గలు రాలిన జలజల. పాము బుసబుస. కోపము వచ్చిన కోడలు రుసరుస. అంతేకాదు, చెవికి వినబడనివానికిని మనము చప్పుళ్ళవంటి మాటలనే కట్టితిమి: నక్షత్రములు మిలమిల, కొత్తచెంబు తళతళ, కోపపు చూపు చురచుర. వెలుగునకు సద్దెక్కడిది? అయినను మనవారికి వినబడినది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) మన కడప మండలమువాడు. ఆయన సంకీర్తనములలో ఇట్టి జంటమాటలు విరివిగా కానవచ్చును. రాగితగడులపై చెక్కుటకు తగినవని ఆయన సంతతివారికి తోచిన మాటలు మన బడిపుస్తకములకు తగనివెట్లయ్యెనో!

పరదేశియైనను ఈ విషయమున మనవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర. 1820లో ఉద్యోగముమీద కడపకు వచ్చి, ఇక్కడనే తెలుగుపై మమకారము పెంచుకొని, బంగళా కొని, సొంతడబ్బుతో పండితులను పెట్టి తాటాకు గ్రంథములు సరిచూపించెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. కావ్యములలోని మాటలతో తృప్తిపడక, కచేరీలోను బజారులోను వినబడు మాటలను అందులో చేర్చెను. అందుకు పండితులు కొందఱు ఆక్షేపించిరి. కడపలో ఆయన బంగళా యుండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును ఉన్నవి. 1962లో కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ మాండలికపదకోశము జిల్లాజిల్లాలలో రైతులనడిగి మాటలు కూర్చినది. బ్రౌన్ ఒంటరిగా మొదలుపెట్టిన పని ఒక సంస్థ పనియగుటకు నూఱేండ్లు దాటినది.

పదకోశములు నాగలిని, కపిలెను, కవలెను ఎక్కించినవి. అయితే కపిలెతో పోయిన సద్దును ఎక్కించుట కష్టము. మా చిన్ననాడు తెల్లవాఱకముందే బావికడ ఎద్దులు వెనుకకు నడచునపుడు గిలక చేయు సద్దు ఒకటి, తోలుతొండమునుండి నీరు కాలువలో పడు సద్దు ఒకటి. ఈ రెంటికిని మా ఊర వేఱువేఱు మాటలుండెను. మొదటిది ‘కిఱకిఱ’ యని నాకు జ్ఞాపకము. రెండవది ఎంత తలచినను నోటికి రాదు. ఇపుడు ఆ బావి యెండినది. గొట్టపుబావికి మోటారు కట్టిరి. మోటారు ఆగినపుడు మాత్రమే పొలమున సద్దు వినబడును.

నేనీ మాటలను ఆకాశవాణికై చెప్పుటకు పూనుకొన్నపుడు ఒక్కటి తోచినది. కడపలో రేడియోకేంద్రము 1963లో ఏర్పడకపూర్వము పదిమందికి వినిపింపదలచిన ఉపన్యాసకుడు సంతలో గొంతు చించుకొనవలసినదే. మైకుముందు కూర్చున్నవానికి ఆ యవసరము లేదు. నేను ఇప్పుడు మీ అరుగుపై మీ ప్రక్కన కూర్చుండి చెప్పినంత మెల్లగానే చెప్పుచున్నాను.

కనుక ఒక మనవి. కపిలెతోలిన చేతులింకను మీ ఊళ్ళలో ఉన్నవి. తోలుతొండమునుండి నీరు తొట్టిలోనికి జాఱు ఆ మెల్లని ధ్వనిని మీ యూర ఏమందురో, ఒక కార్డుపై వ్రాసి కేంద్రమునకు పంపుడు. అక్షరదోషములు చూచుకొననక్కఱలేదు. మీ నోట ఎట్లు వచ్చునో అట్లే వ్రాయుడు.